4.2 దగ్గర ఆగిపోయిన బోర్డు

2025 ఎండాకాలం. హన్మకొండలో ఒక చిన్న ప్రైవేటు రక్తనిధి కేంద్రం. దాని పేరు చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు, నాది. ఆస్పత్రులకూ ల్యాబులకూ చిన్నచిన్న ప్రోగ్రాములు రాసిపెట్టడం, వాళ్ల కంప్యూటర్లు చూసుకోవడం పద్దెనిమిదేళ్లుగా నా పని. కాజీపేటలో మా వీధివాళ్లు దీన్ని ఇప్పటికీ కంప్యూటర్ రిపేర్ అనే అంటారు. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు అదీ పోయింది.

రక్తం సంచులను రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉంచాలి. అంతకు మించి వేడెక్కినవి పారేయాల్సిందే, ఎక్కిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. ఆ కేంద్రంలో ఫ్రిజ్‌కు ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది, లోపలి ఉష్ణోగ్రత ఎంతో దానికి తెలుసు. ఐదు నిమిషాలకోసారి ఆ పెట్టెను అడిగి, జవాబును గోడమీది బోర్డులో చూపించి, ఆరు దాటితే అలారం మోగించే ప్రోగ్రాం నేనే రాశాను, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. ఆ భాషతోపాటే వచ్చే సరంజామాను స్టాండర్డ్ లైబ్రరీ అంటారు. అందులో ఒక్కో పనిముట్టు ఒక్కో మాడ్యూల్. పాతకాలపు ఆ పెట్టెతో మాట్లాడటానికి నేను వాడింది టెల్నెట్‌లిబ్ అనే మాడ్యూల్.

దానికి కాలం చెల్లిందని, రాబోయే వెర్షన్‌లో తీసేస్తామని పైథాన్ వాళ్లు రెండేళ్ల ముందే చెప్పారు. ఇలా ముందే చెప్పి ఉంచడాన్ని మా పనిలో డెప్రికేషన్ అంటారు. ప్రోగ్రాం నడిచిన ప్రతిసారీ ఆ హెచ్చరిక తెర మీద పడేది. అది చూసి అక్కడి టెక్నీషియన్ రజియా రోజూ ఫోన్ చేసేది.

"అన్నా, మళ్ల ఏదో ఇంగ్లిష్‌ల వస్తాంది. ఏమన్న ఖరాబైందా?"

"ఏం కాలే చెల్లె. ఫికర్ చెయ్యకు."

నాలుగో రోజు విసుగొచ్చి, ఆ హెచ్చరికలు కనబడకుండా ప్రోగ్రాంలో ఒక లైను రాసి పడేశాను. ఫోన్లు ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాత కొన్నాళ్లకు ఆ కంప్యూటర్ మొరాయించింది. ఒక శనివారం కొత్తది తీసుకెళ్లి, అందులో సరికొత్త పైథాన్ ఎక్కించి, పాత ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు దించాను. బోర్డు వెలిగింది. 4.2. ఇంకేం కావాలి అనుకున్నాను. నిజానికి చూడాల్సింది ఆ అంకె మారుతోందా లేదా అని. ఐదు నిమిషాలు ఆగితే తెలిసేది. రజియా ఇచ్చిన టీ తాగడానికి అంతకంటే ఎక్కువసేపే పట్టింది, కానీ బోర్డు వైపు మళ్లీ తల తిప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం రజియా ఫోన్ చేసింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చి ఆస్పత్రిలో చేరిన ఒకామెకు ప్రసవం తర్వాత రక్తస్రావం ఆగడం లేదు. డాక్టర్ రాసిచ్చిన చీటీ పట్టుకుని ఆమె భర్త సమ్మయ్య కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు సంచులు బయటికి తీసిన రజియాకు అనుమానం వచ్చింది.

"బోర్డు మీద నాలుగు పాయింట్ రెండే ఉంది గని అన్నా, సంచి పట్టుకుంటె సల్లగ తగుల్తలేదు."

"చేతులకేం తెలుస్తది చెల్లె. బోర్డు చూసి ఇచ్చెయ్."

ఈ మాట నేనే అన్నాను. 

"నేనియ్య. నువ్వు జర వచ్చి చూడు," అని ఫోన్ పెట్టేసింది.

విసుక్కుంటూనే బండి తీశాను. నేను వెళ్లేసరికి ఆమె ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి చూసింది. పద్నాలుగు డిగ్రీలు. మోటారు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. ఇంకో రక్తనిధికి ఫోన్ చేసి, సంచుల కోసం తమ డ్రైవర్‌ను కూడా అప్పటికే పంపించింది. బోర్డు మీద మాత్రం 4.2.

రజియా టెంపరేచర్ రిజిస్టర్ నా ముందు పెట్టింది. నాలుగు గంటలకోసారి చూసి రాయాలి. అక్కడ అందరూ బోర్డు చూసే రాస్తారు. థర్మామీటర్ ఎందుకు, బోర్డు ఉందిగా అని అలవాటు చేసింది నేనే. శనివారం మధ్యాహ్నం నుంచి ప్రతి గడిలో 4.2. మూడు రకాల చేతిరాతలు, ఒకటే అంకె. ఈ మూడు రోజుల్లో ఎవరెవరికి సంచులు ఇచ్చారని అడిగాను. సోమవారం సాయంత్రం ఇచ్చిన సంచులు చల్లగానే ఉన్నాయని, ఆ తర్వాత ఎవరికీ ఇవ్వలేదని రజియా చెప్పింది.

ప్రోగ్రాంను నా చేత్తో నడిపి చూశాను. టెల్నెట్‌లిబ్ అనే మాడ్యూల్ లేదు, అని ఒక్క మాట చెప్పి ఆగిపోయింది. కొత్త వెర్షన్‌లో దాన్ని నిజంగానే తీసేశారు. శనివారం నుంచి ప్రోగ్రాం ఐదు నిమిషాలకోసారి మొదలుకావడం, అక్కడే పడిపోవడం. ఫోల్డర్‌లో చివరగా రాసి ఉన్న అంకెనే బోర్డు చూపిస్తుంది. అక్కడ ఉన్నది పాత కంప్యూటర్ రాసుకున్నది, ఫోల్డర్‌తోపాటు నేనే మోసుకొచ్చింది. కొత్త అంకె వస్తేనే కదా అలారం మోగేది.

మొదట పైథాన్ వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. పాత మాడ్యూల్‌ను ఒక మూల ఉండనిస్తే వీళ్ల సొమ్మేం పోయింది అన్నాను. అంతలో హెచ్చరికల నోరు నొక్కిన నా లైను కనబడింది. వాళ్లు రెండేళ్లపాటు చెబుతూనే ఉన్నారు, వినబడకుండా చేసుకున్నది నేను. సిగ్గుతో రజియా ముఖం చూడలేకపోయాను.

వేరే రక్తం రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ సమ్మయ్య కౌంటర్ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఫ్రిజ్ నిండ ఉన్నయి గద సార్. గండ్లకెల్లి రెండియ్యుండ్రి. మా ఆమె ఆగేటట్టు లేదు."

నేను బయటికెళ్లి డ్రైవర్ వస్తున్నాడేమోనని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆమె బతికింది. ఫ్రిజ్‌లోని సంచులన్నీ పారేశారు. రిపోర్టులో సిస్టమ్ ప్రాబ్లమ్ అని రాసి సరిపెడదామని కేంద్రం డాక్టర్ అన్నారు. వద్దని, నేను చేసింది చేసినట్టు రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు బోర్డులో అంకె పక్కన అది ఎన్నింటికి వచ్చిందో కూడా కనిపిస్తుంది. పది నిమిషాలు కొత్త అంకె రాకపోయినా అలారం మోగుతుంది. ఆ వారమంతా నేను రాసిన పాత ప్రోగ్రాములన్నీ తెరిచి చూశాను. హెచ్చరికలను దాచే లైను ఇంకో మూడు చోట్ల దొరికింది. అవీ తీసేశాను. ఎవరైనా తెర మీద ఏదో వస్తోందని ఫోన్ చేస్తే ఇప్పుడు ఫికర్ చెయ్యకు అనను. చదివి వినిపించమంటాను.

నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రికి వెళ్లి సమ్మయ్యకు అంతా చెప్పాను. పసిబిడ్డ అతని ఒళ్లో నిద్రపోతోంది. తిడతాడనుకున్నాను. బిడ్డ మీది గుడ్డ సరిచేసి అడిగాడు.

"గా రక్తమే ఎక్కిచ్చి మా ఆమెకు ఏమన్నయితే, ఎందుకైందో మాకు ఎర్కయితుండెనా సార్?"

"కాకపోతుండె," అన్నాను. "రిజిస్టర్‌ల అంత సక్కగనే రాసున్నది."