చాప మీద ఒక ప్లేటు

సౌదీలకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టం కింద మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. సౌదీలు సరిపడా లేని కంపెనీ మనుషులకు దేశంలో ఉండనిచ్చే ఇకామా రెన్యువల్ కాదు. పైగా మాలాంటి పరాయిదేశస్థుల మీద తలకింతని లెవీ. అందుకని వయసు మీరినవాళ్ళకు ముందుగా ఇంటికి పంపేసే ఎగ్జిట్ వేశారు. మా గదిలో అది మా ఊరివాడికే పడింది.

అతని తండ్రి మా గడిలో వెట్టి చేసినవాడు. ఇప్పుడు గడి లేదు, భూములూ లేవు. అల్ ఖర్జ్ పాడి ఫారాల్లో నేనూ అతనూ ఒకే పంపులు బాగుచేసేవాళ్ళం. అయినా నన్ను దొరా అనే పిలిచేవాడు. మెస్సులో నా వంట వంతు తానే చేసేవాడు. నేను తిని చేయి కడిగాక, గడప దగ్గర చెప్పుల పక్కన నిలబడి తినేవాడు. మానమని ఎన్నోసార్లు చెప్పాను. నవ్వి మళ్ళీ గడప దగ్గరికే వెళ్ళేవాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ప్రయాణమయ్యే మనిషికి ఇంటిపెద్ద స్వయంగా వడ్డించి, అతను తిన్నాకే తాను తినాలి. ఆ మర్యాద సాటి దొరలకే. అతని తండ్రిలాంటివాళ్ళకు వాకిలి బయట విస్తరి. ఇప్పుడు ఆ ఇంటికి మిగిలినవాణ్ణి నేను. ఆ మర్యాద ఎవరికి చేయాలో చెప్పేదీ నేనే. అతను నా ముందు కూర్చుని తినకుండా విమానం ఎక్కకూడదు.

అతని ప్రయాణానికి ముందు శుక్రవారం, సెలవునాడు, నేనే పొయ్యి ముట్టించాను.

"దొరా, మీరెందుకు? జరుగుండ్రి," అంటూ గరిటె అందుకోబోయాడు. ఇవ్వలేదు.

మా గదిలోనే ఉండే నిజామాబాద్ ఎలక్ట్రీషియన్ మంచం మీది నుంచే అన్నాడు: "ఇయ్యాల అందరం హోటల్ల తినుడే. దొరోరికి ఉల్లిగడ్డ కోసుడన్న వస్తదా?"

"నువ్వు కొయ్యి. చూసి నేర్చుకుంట."

కోడికూర దించాను. చాప మీద ప్లేటు పెట్టి అన్నం వడ్డించాను. అతను గడప దగ్గరి నుంచి కదల్లేదు.

"మీరు తినుండ్రి. నేను తర్వాత తింట."

"నువ్వు తినంది నేను ముట్ట."

"గట్లనకుండ్రి దొరా. మా నాయిన ఉంటే నన్ను తిడుతుండె."

"మా తాత ఉంటే నన్నూ తిడుతుండె. ఇద్దరూ లేరు. కూసో."

అన్నం చల్లారుతోంది. నేను గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాను.

"కూసోవే మామా," అన్నాడు ఎలక్ట్రీషియన్. "మీ ఇద్దరి పంచాయితీల మా కడుపులు ఎండుతున్నయి."

అతను వచ్చి చాప అంచున కూర్చున్నాడు. మొదటి ముద్ద చాలాసేపు నమిలాడు.

"ఎట్లుంది?"

"ఉప్పు రెండుసార్లు ఏసిండ్రు," అన్నాడు, తల ఎత్తి నన్నే చూస్తూ. నా పనిలో తప్పుందని అతను నా మొహం మీద చెప్పడం అదే మొదటిసారి.

గిన్నెలో పెరుగు ఉంటే తెచ్చి వడ్డించాను. అతను చేయి కడిగేదాకా నేను కూర్చోలేదు.