పురుగంటే ఏ పురుగు?

మడికొండలో మా కాలనీ చివరి వరుస ఇళ్ల వెనక ఓ గుట్ట ఉంది. పైన కానుగ, మోదుగ చెట్లు, వాటి కింద పరికి, తంగేడు పొదలు. చిన్నదే కానీ అడవే. ఆ పొదలన్నీ కొట్టించాలని కాలనీ సంఘం అనుకుంది. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట: “పురుగులు వస్తానయ్.”

నా బడి పదో తరగతితో ఆగిపోయింది. కానీ గ్రంథాలయంలో పక్షుల పుస్తకాలున్న అర మొత్తం చదివేసింది నేనే. వానాకాలం గోడల మీద పాకే గొంగళిపురుగుల సంగతి నాకు చెప్పాలా?

మీటింగులో లేచి విడమరిచి చెప్పాను. చాతకమంటే వాన చినుకు కోసం నోరు తెరుచుకుని కూర్చునే పక్షి అనే అందరికీ తెలుసు. దాని కడుపు నిండేది గొంగళిపురుగులతో. చాలా పిట్టలు ముట్టని నూగు పురుగుల్ని కూడా అది మింగేస్తుంది. కానీ గూడు కట్టదు. పొదల్లో గుంపుగా తిరుగుతూ గోల చేసే మట్టిరంగు పిట్టల గూళ్లలో గుడ్లు పెట్టి పోతుంది. పొదలు కొట్టేస్తే ఆ గూళ్లుండవు, చాతకం రాదు. ఇక కానుగ ఆకులకు ఈనెలే మిగులుతాయి.

అధ్యక్షుడు ఓపిగ్గా విన్నాడు. “చెల్లె, పిట్టల ముచ్చట మంచిగనే ఉన్నది. పురుగుల సంగతి జెప్పు.”

“గదే గదా అన్నా చెప్తాన! పిట్టలు వాటిని తింటయ్. పిల్లలకు గూడ నోట్ల పెడ్తయ్.”

“అసొంటి పిట్ట ఉంటే జర మాకియ్యి వదినా, ఇంట్ల సాదుకుంటం!” వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

తరువాతి మీటింగుకు బొమ్మల పుస్తకం పట్టుకెళ్లాను. మళ్లీ అదే నవ్వు. ఇంటికి వస్తుంటే పక్కింటామె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“వదినా, గొంగళిపురుగుల కోసం ఎవలన్న జేసీబీ తెస్తరా? పురుగంటే పురుగు. మా బాత్రూం కాడ ఇంత పొడుగు పోయింది.”

“పామా?”

“అగో! సందెపూట పేరెత్తకు!”

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పేరెత్తితే పాము వస్తుందట. ఎత్తకపోవడం వల్ల ఇప్పుడు గుట్టే పోయేలా ఉంది! ఆ ఒక్క మాట ముందే అనుంటే ఇళ్ల గోడల పొంటి ఉన్న పొదలు కొడితే చాలని అడిగేదాన్ని కదా. అప్పటికప్పుడు అధ్యక్షుడి ఇంటికి పోయి అదే అడిగాను.

“పైనున్నది కిందికి రాదా చెల్లె? ఇగ అయిపోయింది, పొద్దుగాల జేసీబీ వస్తాంది” అన్నాడు.

వచ్చింది. చెట్లు తప్ప ఏమీ మిగల్లేదు.

ఈ వానాకాలం చాతకం ఒకపూట కరెంటు తీగ మీద కూర్చుని అరిచి వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు. కొన్నేళ్లు పురుగు ఎక్కువ, కొన్నేళ్లు తక్కువ ఉంటుందని పుస్తకాల్లోనే ఉంది కాబట్టి అంతా పొదల వల్లే అని ఒట్టేసి చెప్పను. కానీ కానుగ ఆకులు మాత్రం జల్లెడలయ్యాయి.

నిన్న పక్కింటామె చీపురుతో గోడ దగ్గరికొచ్చింది.

“వదినా, ఒకటే పురుగులు!”

“ఏ పురుగులు?”

“గొంగళివి వదినా! ఒళ్లంత దురద!”

“అట్లనా? మీటింగ్ పెట్టుమను.”