చెరిపేసిన జర్మనీ ఉత్తరం

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను ఆఫీసు పని చూసే రోజుల్లో, మా ఓనరు చెన్నై నుంచి ఒక సీడీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. మా గుజ్జు కొనే జర్మనీ కంపెనీ ఈమెయిళ్ళన్నీ జర్మన్‌లోనే వచ్చేవి. ఆ సీడీలోని అనువాదం సాఫ్ట్‌వేర్‌లో పై గడిలో ఉత్తరం పెడితే కింది గడిలో ఇంగ్లీషు వస్తుంది. నేను ఇంగ్లీషులో రాస్తే జర్మన్ అవుతుంది. దాని ఇంగ్లీషు నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషు కంటే అధ్వాన్నం. దొందూ దొందే అనుకుని సర్దుకుపోయాం.

అటువైపు రాసేది ఒక ఆడమనిషి. మొదట్లో గుజ్జు డ్రమ్ములు, శాంపిళ్ళు తప్ప వేరే మాట లేదు. ఒక తోతాపురి మామిడి సీజన్‌లో ఉత్తరం చివర ఒక వాక్యం కలిపింది. శాంపిల్ డబ్బాలో మిగిలిన గుజ్జు వాళ్ళమ్మకు బ్రెడ్డు మీద పూసి పెట్టిందట, ఆమె ఇంకా కావాలందట. మా ఇంట్లో చాప మీద మామిడి తాండ్ర ఎలా ఎండబెడతామో నేను వెంటనే రాశాను. ఆ తర్వాత చివరి వాక్యాలే పెరుగుతూ పోయాయి. వాళ్ళమ్మ మంచం పట్టిందని, మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపానని ఆమె రాసేది. నాకు కుదిరిన పెళ్ళి సంబంధం తప్పిపోయినప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నానని, ఇంట్లో ఎవరికీ చెప్పనిది, నేను ఆమెకు రాశాను. మోడెమ్ కూత ఆగి ఉత్తరాలు దిగుతుంటే నా కళ్ళు ముందు ఉత్తరం అడుగునే వెతికేవి.

సీజన్ అయిపోయిన ఒక రోజు పొద్దున ఆమె ఉత్తరం కొత్త ఈమెయిల్ అడ్రసు నుంచి వచ్చింది. అమ్మ పోయింది, ఉద్యోగం మానేశాను, ఇకమీద ఈ సొంత అడ్రసుకే రాయి అంది. చివర ఒక మాట అడిగింది: "మీ దగ్గర ఇలాంటప్పుడు మనుషులు ఏం చేస్తారు?"

చదివి ఏడ్చాను. ఆ తర్వాత పనంతా నా చెయ్యి దానంతటదే చేసేసింది. మా ఇంట్లో చావు కబురు కార్డు గడప దాటి లోపలికి రాదు. నాయన వాకిట్లోనే నిలబడి చదివి, అక్కడే చించేసేవాడు. చిన్నప్పటి నుంచీ చూసిందే. ఉత్తరం చెరిపేశాను, కంప్యూటర్‌లో చెత్తబుట్ట ఖాళీ చేశాను, అనువాదం గడులు రెండూ తుడిచేశాను. భోంచేసి వచ్చి, జవాబు రాద్దామని కూర్చున్నప్పుడు తెలిసింది, కొత్త అడ్రసు ఆ ఉత్తరంలోనే ఉండిందని.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పాత ఆఫీసు అడ్రసుకు మూడుసార్లు రాశాను. కొత్తగా చేరినాయన డ్రమ్ముల గురించి జవాబిచ్చి, మానేసినవాళ్ళ అడ్రసులు ఇవ్వకూడదన్నాడు. ఆమె మళ్ళీ రాయలేదు. ఎందుకు రాస్తుంది? అంత పెద్ద మాట చెబితే పలకని మనిషికి నేనైనా రాయను. ఆ ఏడాదంతా మోడెమ్ కూసినప్పుడల్లా ఆశపడ్డాను. ఇంత దిగులు ముఖమైనా చూడని మనిషి కోసమా అంటే, ఆమె కోసమే.

ఒక రోజు ఇంటికి పోయి, తప్పంతా ఆయనదే అన్నట్టు నాయన మీద విరుచుకుపడ్డాను. ఆయన అంతా విని, మెల్లగా అన్నాడు.

"సించేసినాక ఆ పొద్దే బస్సెక్కి ఆడికి పోతాం గదమ్మా. పోయేవాళ్ళకి కార్డుతో పనేముండాది?"

నిజమే. కార్డు చించిన చేత్తోనే తువ్వాలు భుజాన వేసుకుని, ఏర్పేడుకో శ్రీకాళహస్తికో బయల్దేరేవాడు. ఆయన దగ్గర నేను చించడం వరకే నేర్చుకున్నాను.

ఆమె అడిగినదానికి జవాబు అదే. ఇక్కడ ఇలాంటప్పుడు మనుషులు బస్సెక్కి వెళ్ళి పక్కన కూర్చుంటారు. ఆ ఒక్క వాక్యం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.