తువ్వాలు కింద వెబ్‌సైటు

గొర్రెల సంతలో ఆదెన్నను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని అందరూ ఒప్పుకుంటారు. తువ్వాలు కప్పి అవతలివాడి వేళ్లు పట్టుకున్నాడంటే, వాడి మనసులోని ధర బయటికి రావాల్సిందే. గొర్రె నోరు తెరిచి పళ్లు చూడనిదే బయానా ఇచ్చేవాడు కాదు. అంతటి మనిషి వెబ్‌సైటు దగ్గర బోర్లా పడ్డాడంటే ఏమనాలి చెప్పండి!

కరువులకు విసిగి, మంద అమ్మేసి, ఆదెన్న పుట్టపర్తిలో లాడ్జి కట్టాడు. భార్య భద్రమ్మ వద్దంటూనే ఉంది. రెండేళ్లయినా ఆ గదుల్లో దుమ్ము తప్ప ఎవరూ దిగలేదు. పక్కనున్న రామాంజులు లాడ్జి మాత్రం ఎప్పుడూ కిటకిటలాడేది. అంతా వెబ్‌సైటు మహిమట. భక్తులు వచ్చే ఈ నవంబరు సీజను కూడా ఇట్లాగే పోతే లాడ్జి అమ్ముకొని మళ్లీ సంతకు పోవాల్సిందే.

బెంగుళూరులో వెబ్‌సైట్ల పని నేర్చుకొచ్చిన గంగాధర్ దానికి పన్నెండు వేలు అడిగాడు.

"ఏమప్పా, ఆ దుడ్లకు మంచి పొట్టేళ్లు వస్తాయి గదా! నీ దాంట్లో బొచ్చు కూడా లేదే!" అని ఆదెన్న లేచి వచ్చేశాడు.

నేరుగా జిరాక్సు అంగడి వంశీ దగ్గరికి పోయి, వెబ్‌సైటు కావాలని చెప్పి, వాడి చేతి మీద తువ్వాలు కప్పి రెండు వేళ్లు నొక్కాడు. రెండు వేలని అర్థం. వంశీకి ఆ పద్ధతే తెలియదు. కితకితలు పుట్టి తల ఊపేశాడు. మొదటి మాటకే ఒప్పుకున్నవాడి గొర్రెకు రోగముంటుందని ఊరందరికీ చెప్పే ఆదెన్న, ఆ రోజు మీసం దువ్వుకుంటూ ఇంటికి వచ్చాడు.

మరునాటికే వెబ్‌సైటు తయారు. తెర మీద లాడ్జి పేరు ఎర్రగా మెరుస్తూ పరుగెత్తింది. ఆదెన్న మురిసిపోయాడు. నెల గడిచింది, ఒక్క ఫోనూ రాలేదు. వచ్చింది రామాంజులే, మైసూరుపాకు డబ్బాతో.

"అన్నా, నీ వెబ్‌సైటు చూసి జనం నాకు ఫోన్లు చేస్తాండారు. శానా మేలు చేసినావు!"

సంగతేమంటే, వంశీ ఆ రామాంజులు వెబ్‌సైటునే దించి, పేరు మాత్రం మార్చి, ఫోను నంబరు మార్చడం మరిచిపోయాడు.

భద్రమ్మ ముందు ఒక మైసూరుపాకు నోట్లో వేసుకుంది. ఆ తర్వాత మొగుణ్ణి కడిగిపారేసింది. "నాలుగు పళ్లు చూసి గొర్రెను కొనేవాడివి, దీనికేం చూసినావయ్యా?"

ఆదెన్నకు తల తీసేసినట్టయింది. మళ్లీ గంగాధర్ దగ్గరికి పోయి తువ్వాలు చాచాడు. గంగాధర్ చేతులు జేబుల్లోంచి తీయలేదు. "పన్నెండు వేలేన్నా." ఎంత గుంజినా దిగలేదు. ఆదెన్నకు లోలోపల సంతోషమే కలిగింది. దిగనివాడి దగ్గరే సరుకుంటుంది మరి. గంగాధర్ దుప్పట్లు ఉతికించి మరీ గదుల ఫోటోలు తీశాడు.

పని ముగిశాక, "ఉండప్పా, పళ్లు చూడనీ" అని ఆదెన్న గంగాధర్ సెల్లు తీసుకొని, తెర మీదున్న నంబరుకు ఫోను కొట్టాడు.

"హలో! రూములా? ఉండాయి సామీ, ఎన్ని కావాలన్నా ఉండాయి! ఎప్పుడొస్తారు?"

భద్రమ్మ గొంతులో అంత ఆశ విని ఎన్నాళ్లయిందో! ఆదెన్నకు కళ్లు చెమర్చాయి. నేనేనని చెప్పడానికి మనసొప్పలేదు.

"ఒక రూము చాలమ్మా" అన్నాడు గొంతు మార్చి. "రేటు ఏమన్నా తగ్గిస్తావా?"

"మూడు నూర్లు" అంది భద్రమ్మ. "ఆ తువ్వాలు ఆడనే పారేసి రా. ఈడ బేరం లేదు."