ఇంక కొడుతున్నదా, బిడ్డా?

నా చిన్నప్పుడు మా బాపు డ్యూటీ దిగి వస్తున్నాడన్న సంగతి గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస మొత్తానికి ముందే తెలిసిపోయేది. ఆయన నల్ల మోటారు సైకిల్ ఇంకా మలుపు దగ్గర ఉండగానే ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడు వినబడేది. ఆ బండిని ఎవరి దగ్గరో పాతదిగా కొన్నాడు. మొదట్లో చప్పుడు సన్నగా, వినీవినబడనట్టు ఉండేది. నేను ఐదో తరగతికి వచ్చిన ఏడు మాత్రం బాగా పెరిగిపోయింది. "మీ బాపు కుట్టుమిషన్ మీద వస్తున్నడే" అని బడిలో పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వినట్టు నటించి, ఇంటికి వచ్చాక ఏడ్చేదాన్ని.

ఆ చప్పుడు వినబడనిది మా బాపు ఒక్కడికే. గనిలో ఏళ్ల తరబడి విన్న యంత్రాల మోతో, ముందటి ఏడు ఆయన్ను మంచాన పడేసిన జ్వరమో తెలియదు గానీ, చెవులు మెల్లమెల్లగా మందగించాయి. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. అమ్మ ఏదైనా చెప్పాలంటే ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి చెప్పేది. మాట అందకపోతే ఆయన చిన్నగా నవ్వి తల ఊపేవాడు. ఆ నవ్వు చూసి మేము అదే మాట ఇంకోసారి చెప్పేవాళ్ళం.

ఆ ఏడే మా అక్కకు నర్సు ట్రైనింగు కోసం పెద్దపల్లికి రమ్మని ఉత్తరం వచ్చింది. సోమవారం పొద్దున పదకొండింటికి కాగితాలు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, పిల్లలను ఎంచుకుంటారు. మా ఇంట్లో అంతవరకు పది దాటి చదివినవాళ్ళు లేరు. అక్క ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకుందో, మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. బస్సులో పంపిద్దామని అమ్మ అన్నది. బాపు ఒప్పుకోలేదు. "నా బిడ్డను నేనే తీస్కపోయి గేటు కాడ దింపుత" అన్నాడు. ఆ రోజుకు సెలవు పెట్టాడు. మా బడికీ సెలవే కాబట్టి నేనూ వస్తానని పట్టుబట్టాను.

ఆదివారం పొద్దున ఆయన బండిని నీడకు తెచ్చి, పానాలు ఒక గోనెసంచి మీద పరుచుకున్నాడు. అంత దూరం పోయే ముందు టాపెట్లు సరిచూసుకోవాలని ఆయన పట్టింపు. మెకానిక్‌కు ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. ఇంజన్ పక్కన అరచేయంత మూత ఒకటి ఉండేది. దాన్ని విప్పితే లోపల నిలువుగా రెండు సన్నని కడ్డీలు కనబడతాయి. ఒకటి ఇంజన్‌లోకి గాలి వచ్చే తలుపును, ఇంకొకటి పొగ బయటికి పోయే తలుపును తెరుస్తాయని ఆయనే నాకు చెప్పాడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కడ్డీని బొటనవేలితో, చూపుడువేలితో పట్టి తిప్పితే సులువుగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం ఎక్కువ ఆడకూడదు. అలా ఆడితేనే ఆ టకటక. కడ్డీ కింద ఉన్న నట్టును తిప్పి ఆ సందును సరిచేయడమే టాపెట్లు చూడటమంటే.

ఆయన వేళ్ళతో చూసుకుంటూ రెండింటినీ సరిచేశాడు. తర్వాత కిక్ కొట్టి బండి స్టార్ట్ చేసి, ఎప్పుడూ చేయని పని చేశాడు. నన్ను దగ్గరికి పిలిచి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అన్నాడు.

"నా చెవులకు అందుతలేదు బిడ్డా. నువ్వు ఇని చెప్పు. ఇంక కొడుతున్నదా?"

తన చెవుల సంగతి ఆయన నోటితో చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి. అమ్మకు కూడా అంత విడమరిచి చెప్పి ఉండడు. నేను ఇంజన్ దగ్గర వంగి విన్నాను. పెద్ద చప్పుడు పోయింది. మొదట్లో ఉండే సన్నటి టకటక మాత్రం మిగిలింది. అది ఉండవలసిన చప్పుడేనని నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా బడిలో పిల్లల నవ్వు. "కొడుతున్నది బాపూ" అన్నాను.

ఆయన ఇంజన్ ఆపి, ఇంకొంచెం బిగించాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి ఇంజన్ దాదాపు మూగదైపోయింది. ఎక్కడో అడుగున ఒక్క చిన్న టిక్కు ఉందో లేదో. అయినా అన్నాను, కొడుతున్నదనే. ఆ నిమిషంలో నేను విన్నది చెప్పలేదు, నాకు కావలసింది చెప్పాను. ఆయన కడ్డీని వేళ్ళతో పట్టి తిప్పబోయి ఆగాడు. నా ముఖంలోకి చూశాడు. నేను తల ఊపాను. ఆయన ఇంకో చుట్టు బిగించి మూత పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ట్యాంకు మీద నేను, వెనక సీటులో కాగితాల సంచీ గుండెకు హత్తుకుని అక్క. అంత నిశ్శబ్దమైన బండి మీద మా వీధిలోంచి పోతుంటే నాకు ఊరేగింపులో ఉన్నట్టే ఉంది. రామగుండం దాటాక బండి బరువుగా లాగడం మొదలుపెట్టింది. బసంత్‌నగర్ ఇంకా రాకముందే పొగగొట్టంలోంచి రెండుసార్లు పటపటమని ఆగిపోయింది. బాపు కిక్ కొట్టాడు. కిక్ రాడ్ ఏ అడ్డూ లేకుండా ఊరికే కిందికి జారిపోతోంది. ఇరవైసార్లు కొట్టి ఉంటాడు. చొక్కా తడిసిపోయింది. అక్క సంచీ పట్టుకుని, బస్సేదైనా వస్తుందేమోనని మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది.

చాలాసేపటికి ఒక బస్సు వచ్చింది. బాపు రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ చాపి ఆపాడు. కండక్టరుకు దండం పెట్టి, "మా బిడ్డను పెద్దపల్లిల జర చూసి దింపన్నా" అని బతిమాలాడు. అక్క ఒక్కతే ఎక్కింది. కిటికీలోంచి మా వైపు చూస్తూనే పోయింది.

మేమిద్దరం వేపచెట్టు కింద కూర్చున్నాం. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఇంజన్ చల్లారేదాకా దాన్ని ముట్టుకోవడానికి లేదు. చల్లారాక బాపు మూత విప్పి, కడ్డీని వేళ్ళతో పట్టుకుని చూశాడు. అది కదలనైనా కదల్లేదు.

"నిన్ననె నా చేతి ఏళ్లకు తెల్సింది, ఇది తిరుగుతలేదని" అన్నాడు మెల్లగా. "గానీ నువ్వు కొడుతున్నదంటివి."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్నేమో. వెక్కుతూ నిజం చెప్పేశాను. ఆయనకు ఒక్క ముక్క వినబడలేదు.

"ఏమంటున్నవ్? ఇటు మొఖం పెట్టి చెప్పు."

రోడ్డు పక్కన, లారీల హోరులో, ఆయన ముఖంలో ముఖం పెట్టి గట్టిగా అరిచి చెప్పవలసి వచ్చింది. "కొడుతలేకుండె బాపూ! నేనె అబద్ధం చెప్పిన! బడిల పోరగాళ్లు నీ బండిని చూసి నవ్వుతున్నరని చెప్పిన!"

ఆయన చేతిలో పానా అలాగే ఉండిపోయింది. "నవ్వుతరా?" అన్నాడు. "నాకు తెల్వదు బిడ్డా. నాకు ఇనవడదాయె."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖాన్ని నేను మరిచిపోలేదు. కొంచెంసేపటికి నన్ను దగ్గరికి లాక్కుని, తన మసి చేతులు తగలకుండా మోచేత్తో నా కళ్ళు తుడిచాడు.

"నీ చెవులు నమ్ముకున్న నేను. నీకు ఇష్టమున్నా లేకున్నా, ఇన్నది ఇన్నట్టె చెప్పాలె. నువ్వు గూడ నాకు తియ్యగ చెప్తె, ఇంక నాకు ఉన్నదున్నట్టు చెప్పెటోళ్లు ఎవరున్నరు?"

అంతే అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నట్టును వదులు చేసి, నా వేళ్ళనే లోపల పెట్టించాడు. "జర సందు ఉండాలె. ఇంజన్ కాగితె ఇనుము ఉబ్బుతది. సందు లేకుంటె తలుపు మూస్కోదు, బండికి దమ్ము రాదు" అన్నాడు. కడ్డీ నా వేళ్ళ మధ్య మెత్తగా తిరిగింది. కిక్ కొడితే రెండోసారికి అందుకుంది. ఆయన నా వైపు చూశాడు. ఈసారి నేను కళ్ళు మూసుకుని విన్నాను.

"టకటక అంటున్నది బాపూ. సన్నగ."

"అయితె మంచిగున్నది" అన్నాడు.

మేము పెద్దపల్లి చేరేసరికి అక్క గేటు బయట అరుగు మీద కూర్చుని ఉంది. బస్సు చేరేలోపే ఆమె పేరు పిలిచేశారట. ఎంత అడిగినా వచ్చే ఏడు చూసుకొమ్మన్నారట. బాపు ఆమె ముందు నిలబడి, "తప్పు నాదె బిడ్డా. ఎక్కువ బిగించిన" అన్నాడు. నా వైపు చూడనైనా లేదు. ఇంట్లో అమ్మకూ అదే చెప్పాడు. అమ్మ ఆయన్ను చాలా మాటలన్నది. ఆయన చిన్నగా నవ్వి తల ఊపాడు. ఆ రోజు ఆయనకు ప్రతి మాటా అందిందనే నా అనుమానం.

వారం రోజులు ఓర్చుకున్నాను. ఒకరోజు పొద్దున బడికి జడ వేస్తుంటే అక్కకు చెప్పేశాను. నా వెనక దువ్వెన ఆగిపోయింది. కొంతసేపటికి మళ్ళీ కదిలింది. ఆ రోజు జడ కొంచెం గట్టిగా లాగి అల్లింది. మరుసటి ఏడు ఆమె బస్సులో ముందురోజే వెళ్ళి, ఎంపికై వచ్చింది. దవాఖానలో నర్సుగా ముప్పై ఏళ్ళు పైనే పనిచేసింది.

బాపు చివరి రోజుల్లో కరీంనగర్ దవాఖానలో ఉన్నప్పుడు ఆయనకు ఏ మాటా వినబడేది కాదు. ఒకరోజు డాక్టరు మమ్మల్ని పిలిచి, ఇక మందులతో అయ్యేది ఏమీ లేదని, రోజులు తక్కువేనని చెప్పాడు. ఆ మాట నాకంటే అక్కకే బాగా అర్థమవుతుంది. ఆమె చేసిన పనే అది. అయినా బాపు నా వైపే చూశాడు. "ఏమన్నడు?" అని అడిగాడు. తగ్గిపోతుందన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. నేను మంచం మీద కూర్చుని, ఆయన ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, డాక్టరు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. ఆయన నా పెదవులనే చూస్తూ చివరిదాకా విన్నాడు. "అయితె ఇంటికి పోదం" అన్నాడు. తీసుకుపోయాం. పదకొండు రోజులు తన మంచం మీద, మా అందరి మధ్య ఉన్నాడు.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. మా మనుమరాలు బడిలో చెప్పబోయే ఉపన్యాసాలు రాసుకుని వచ్చి నా ముందు చదువుతుంది. అయిపోగానే "ఎట్లుందే అవ్వా?" అని అడుగుతుంది. మస్తుగుంది అంటే ఎంత సంతోషపడుతుందో నాకు తెలుసు. అయినా ఇంకోసారి చదవమంటాను. కళ్ళు మూసుకుని వింటాను. బాగున్నచోట బాగుందని, లేనిచోట లేదని చెప్తాను. దాని ముఖం చిన్నబోతుంది, కాగితం లాక్కుని పోతుంది. మర్నాడు మళ్ళీ తిరగరాసుకుని, ఇంట్లో ఇంతమంది ఉండగా, నా దగ్గరికే వస్తుంది.