ఇందుమతి ఎడమ కాలు

అమెరికాలోని ఫ్రీమాంట్‌కి కొత్తగా వచ్చిన తెలుగు ఆడవాళ్లు చాలామంది కారు నేర్చుకున్నది ఇందుమతి దగ్గరే. ఇండియాలో క్లచ్ మీద ఎడమ కాలు ఆనించి నడిపినవాళ్లు ఇక్కడి క్లచ్ లేని కార్లలో అదే కాలు బ్రేకు మీద ఆనిస్తారు. అందుకే ఆవిడ మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: “ఎడమ కాలికి ఈ దేశంలో పని లేదు. పక్కన పెట్టు!”

అరవై రెండేళ్లకు ఉద్యోగం మానేసి, ఎర్ర స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. రేస్ ట్రాక్ మీద మొదటి రోజే, మూడు రౌండ్లకు బ్రేకు పెడల్ మెత్తబడింది. మలుపుల్లో కారు మాట వినకుండా పక్కకి జారింది.

“ఈ బ్రేకులతో సైకిల్ కూడా ఆగదు!” అని హెల్మెట్ తీసి మండిపడింది.

ట్రాక్ మీద నేర్పే హారిక ఒకప్పుడు ఆవిడ శిష్యురాలే. బ్రేకులు చల్లారాక పక్క సీట్లో కూర్చుని, రెండు మలుపులు చూసింది.

“ఆంటీ, మీ ఎడమ కాలు ఎక్కడుంది?”

ఇందుమతి కిందికి చూడలేదు. చూడక్కర్లేదు. భయానికి ఆ కాలు పొద్దుట్నుంచీ బ్రేకు మీదే తిష్ఠ వేసుంది. బ్రేకులు కాగిపోక ఏం చేస్తాయి? గబుక్కున తీసేసింది.

తర్వాతి రౌండులో కారు గీత గీసినట్టు తిరిగింది. “చూశావా, నా కారు బంగారం!” అంటూ స్పీడు పెంచింది. ఓరకంట చూస్తే, హారిక కుడి కాలు అక్కడ లేని బ్రేకుని గట్టిగా తొక్కుతోంది.

“తొక్కమ్మా, తొక్కు,” అంది ఇందుమతి హాయిగా. “నీకు నేర్పినన్నాళ్లూ నేనూ అక్కడే తొక్కాను.”