రంగు కింద సింధూరం

నేను తెలివితక్కువవాణ్ణని ముందే ఒప్పేసుకుంటున్నాను. చివరిదాకా ఆగితే ఆ మాట మీరే అంటారు, అది నాకు ఇంకా బాధ. విజయవాడలో ఇంటర్ పిల్లలకు పదిహేడేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. అందులోనూ స్థిరవిద్యుత్తు నా అభిమాన పాఠం. అలాంటి నేను, ఆ స్థిరవిద్యుత్తు మీదే బతికే ఒక షాపులో అడుగుపెట్టి, వారం తిరిగేలోగా ఆ పెద్దమనిషి చేత సొంత మిషన్లను తిట్టించి, సొంత పొడిని పారబోయించి, తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఇంత చేసీ అక్కడ నేను పొడిచిందేమీ లేదు, పొడి పాడుచేయడం తప్ప.

ఇదంతా మా మామయ్య కారు వల్ల వచ్చింది. మామయ్యంటే మా అమ్మ తమ్ముడు. వన్ టౌన్‌లో మిరపకాయల వ్యాపారం. ఆదివారం పొద్దున్నే ఆ తెల్ల కారును బందరు కాలువ గట్టుకు తోలుకెళ్లి, గేదెను కడిగినట్టు కడిగేవాడు. నేను బకెట్టు మోసేవాణ్ణి. కడగడం అయ్యాక, ఆంజనేయస్వామి గుళ్లో తెచ్చిన సింధూరం నువ్వుల నూనెలో కలిపి, నాలుగు చక్రాలకూ మూడు వేళ్లతో రాసేవాడు.

"ఇంజను సంగతి మెకానిక్కు చూసుకుంటాడురా. చక్రాల సంగతి స్వామి చూసుకోవాలి" అనేవాడు.

వేళ్లకు మిగిలింది నా మెడ మీద తుడిచేవాడు. సోమవారం బళ్లో నా చొక్కా కాలరు నారింజ తొనలా ఉండేది. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది. ఇప్పటికీ నువ్వుల నూనె వాసన తగిలితే నా చెయ్యి మెడ మీదికి పోతుంది. అక్కడ ఏమీ ఉండదు.

మామయ్య పోయాక కారు గోడౌన్‌లో బస్తాల పక్కన నిలబడిపోయింది. ఏడాది కావస్తుండగా రాజ్యం అత్తయ్య నన్ను పిలిపించింది.

"పాత ఇనుము కొనే అతను మళ్లీ వచ్చాడురా. తీసుకుపొమ్మందామనుకుంటున్నా."

"మామయ్య కారు అత్తయ్యా!"

"ఎవరి కారో నాకు చెప్తున్నావా? తిరగని కారు దేనికి, చూసినప్పుడల్లా ఏడవడానికా? ఆయన సంవత్సరీకం పన్నెండు రోజులుంది. ఆ రోజు నన్ను ఎక్కించుకుని మంగళగిరి తీసుకెళ్లు, ఉంచేస్తా. కదల్లేదో, మర్నాడే పంపించేస్తా."

అత్తయ్య మాటంటే మాటే. నేను కాలేజీకి సెలవు పెట్టి ఆటోనగర్ మీద పడ్డాను. మెకానిక్కు ఇంజన్ను మూడు రోజుల్లో బతికించాడు. చక్రాల దగ్గర మాత్రం పెదవి విరిచాడు. రిమ్ములు తుప్పు పట్టి, మాడిన అప్పడాల్లా ఉన్నాయి. పౌడర్ కోటింగ్ కొట్టిస్తే కొత్తవైపోతాయని దానియేలు గారి షాపుకు పంపించాడు.

పౌడర్ కోటింగంటే మామూలు రంగు కాదండోయ్. తడి ఉండదు, కుంచె ఉండదు. ముందు ఇసకతో కొట్టి ఇనుమును నిగనిగలాడేలా శుభ్రం చేస్తారు. కొక్కేనికి వేలాడదీస్తారు. ముగ్గుపిండి లాంటి రంగు పొడికి కరెంటు ఎక్కించి తుపాకీతో ఊదితే, అది పెళ్లివారింటికి చుట్టాలు చేరినట్టు ఇనుముకు అంటుకుపోతుంది. తర్వాత బీరువా అంత పొయ్యిలో పెట్టి కాలిస్తే, పొడి కరిగి గాజులాంటి పొర అవుతుంది. ఇదంతా నాకు దానియేలు గారు చెబుతుంటే, మధ్యలో అడ్డుపడి విద్యుదావేశం గురించి పావుగంట పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని ఒకటే మాటన్నారు.

"అంతా బాగుంది గానీ మాస్టారూ, శుభ్రం చేసిన ఇనుము మీద చెయ్యి మాత్రం వెయ్యకండి."

విన్నాను. విద్యార్థులు నా పాఠం విన్నట్టే విన్నాను.

దానియేలు గారికి ఒక అలవాటు. తుపాకీ పట్టుకునే ముందు లోపలి గదిలోకి వెళ్లి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు. బయట నేనూ, వేలాడుతున్న నాలుగు రిమ్ములూ. మామయ్య చేతికింద ఆ చక్రాలు సింధూరం లేకుండా ఏనాడైనా ఉన్నాయా? పోనీ రంగు ఆరాక రాద్దామంటే, ఆ వారానికే తుడుచుకుపోతుంది. అదే రంగు కింద రాస్తే? శాశ్వతం! మామయ్యకే తట్టని ఉపాయం నాకు తట్టిందని ఛాతీ ఉబ్బింది. జేబులోంచి నూనెలో కలిపి తెచ్చుకున్న సింధూరం డబ్బీ తీసి, రిమ్ముకు మూడు వేళ్ల చొప్పున రాశాను. ఎర్రగా కనబడితే దానియేలు గారు కేకలేస్తారని వెంటనే జేబురుమాలుతో తుడిచేశాను. స్వామికి భావం ముఖ్యం గానీ రంగు కాదు కదా.

చెప్పేవి విద్యుత్తు పాఠాలు, పూసేవి నూనె బొట్లు.

గంట తర్వాత పొయ్యి తలుపు తెరిస్తే, నాలుగు రిమ్ములకూ ఆటలమ్మ పోసినట్టు బుడగలు.

దానియేలు గారు నిర్ఘాంతపోయారు. "గాలి ఊదే కంప్రెసర్‌లో నీళ్లు చేరుంటాయండీ. ఇరవై ఏళ్లలో ఇలా ఎప్పుడూ రాలేదు."

"ఫరవాలేదండీ" అన్నాను, ఉదారంగా.

మళ్లీ ఇసక, మళ్లీ కొక్కేలు, మళ్లీ ప్రార్థన. ఇసక దెబ్బకు సింధూరం పోయిందని నేను మళ్లీ రాశాను. మళ్లీ బుడగలు. ఆయన డబ్బాడు పొడి పారబోసి, కొత్త డబ్బా తెప్పించారు. నాలో మాత్రం వేరే అనుమానం మొదలైంది. ఇది దిష్టి. దానికి మందేమిటి? సింధూరం ఇంకాస్త దట్టంగా పట్టించడం! మూడోసారి నూనె కారేలా రాసి, జేబురుమాలు పిండుకున్నాను.

ఆ మూడోసారి పొయ్యి వేడెక్కుతుండగానే దానియేలు గారు గాలి పీల్చారు.

"మాస్టారూ, ఏదన్నా వాసన వస్తోందా?"

"లేదే."

"దీపారాధన వాసనండీ. నా షాపులో దీపారాధన ఎవరు చేస్తారు?"

తలుపు తెరిచారు. చల్లారాక ఒక రిమ్ము తీసి వెలుగులో పెట్టారు. బుడగలు మూడు చారలుగా ఉన్నాయి. వాటి మీద తన మూడు వేళ్లు ఆనించి చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా నావైపు తిరిగారు.

"ఏదీ, మీ చెయ్యి ఒకసారి చూపించండి."

చూపించాను. గోళ్ల సందుల్లో ఇంకా నారింజ రంగే.

"నూనె రాశారా?"

"సింధూరమండీ..."

"నూనెతోనా?"

"నూనెతోనే."

"మూడుసార్లూనా?"

"మూడోసారి కొంచెం ఎక్కువ..."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "లోపల నేను, ప్రభువా, ఈ పని సరిగా వచ్చేలా చెయ్యి అని అడగడం, బయట మీరు ఆంజనేయస్వామితో చెడగొట్టించడం! ఆ ఇద్దరికీ తెలుసండీ తప్పెవరిదో. చెప్పలేదంతే."

సరిగ్గా అప్పుడే ఆటో దిగింది అత్తయ్య. సంవత్సరీకం మూడు రోజుల్లోకి వచ్చింది, చక్రాల జాడ లేదు, సంగతేమిటో తేల్చుకుందామని వచ్చింది. దానియేలు గారు జరిగింది పూసగుచ్చినట్టు చెప్పారు. నేను గోడను చూస్తూ నిలబడ్డాను. ఇక కారు పాత ఇనుములోకే అనుకున్నాను.

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. ఏడాదిగా వినని నవ్వు. గోడ పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. "అచ్చం ఆయనే! బుర్ర కూడా ఆయనదే!" అంది. నవ్వుతూనే వంగి, స్టూలు పక్కనున్న రిమ్ము మీది చారలను ముట్టుకుంది. నవ్వు ఆగింది. మూడు వేళ్లూ వాటిమీదే ఉంచి, దానియేలు గారి వైపు తిరిగింది.

"మిగతావి బాగు చెయ్యండి నాయనా. దీన్ని ముట్టుకోకండి."

"అమ్మా, అలా తిప్పితే నా షాపు పేరు పోతుందండీ!"

"మావాడు చేశాడని చెప్పండి."

చెప్పారండీ. ఆటోనగర్ అంతా చెప్పారు. బోల్టులు అమ్మేవాళ్ల నుంచి టీ కొట్టు దాకా నా పేరు సింధూరం మాస్టారైంది. అది ఎలా పాకిందో, క్లాసులో బోర్డు మీదికి కూడా వచ్చింది. మిగిలిన మూడు రిమ్ములూ ఒక్క బుడగ లేకుండా వచ్చాయి, నన్ను షాపు బయట కూర్చోబెట్టారు కాబట్టి. చెప్పిన రోజుకు అత్తయ్యను ఎక్కించుకుని బ్యారేజీ దాటాను. బ్యారేజీ పొడుగునా ఆవిడ నది వైపు చూస్తూ కూర్చుంది. మంగళగిరిలో దిగాక అంది: "వచ్చే ఆదివారం కూడా రా."

కారు ఉండిపోయింది. మామయ్యే లేడు.

ఇప్పుడు సర్వజన సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: బొందిలో ప్రాణం ఉండగా సింధూరం రంగు మీదే రాస్తాను గానీ రంగు కింద రాయను. పొయ్యిలోకి వెళ్లే ఏ వస్తువునూ, చివరికి గారెల పిండినైనా సరే, ఆశీర్వదించను.

కానీ సింధూరం మాస్టారనే పేరు పెట్టినవాణ్ణి ఊరికే వదిలేస్తానా? నెలకోసారి ఆటోనగర్ వెళ్లి, ఆ బుడగల చక్రం సరిగ్గా దానియేలు గారి గుమ్మానికి ఎదురుగా వచ్చేలా కారు ఆపి, తాపీగా టీ తాగుతాను. ఆయన పరుగెత్తుకొస్తారు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్కటీ ఇవ్వండి, గంటలో చేసిస్తాను! లోపల గిరాకీ ఉందండీ!"

నేను టీ ఊదుకుంటూ, లోపలున్న గిరాకీకి వినబడేంత గట్టిగా అంటాను:

"వద్దండీ, మీ చేతి పని చాలా బాగుంది!"